సిట్రోయెన్ జాంటియా హైడ్రాలిక్ పంప్ ఇంట్లో విప్పొచ్చా? గ్యారేజ్ వాళ్లు పంప్ పోయిందంటున్నారు

కిట్టు_కోవెంట్రీ

అందరికీ నమస్తే. ఇక్కడ ఎక్కువగా ఇండియా కార్ల ముచ్చట్లే నడుస్తుంటాయి, నాది కాస్త వేరే గొడవ, అయినా తెలుగులో అడిగితే తేలిగ్గా ఉంటుందని ఇక్కడే పెడుతున్నా. నేను ఇంగ్లండ్‌లో కోవెంట్రీలో ఉంటా. మా వీధి చివరి ఇంటి పెద్దాయన డ్రైవింగ్ మానేస్తూ తన 1997 సిట్రోయెన్ జాంటియా 1.9 టర్బో డీజిల్ అమ్మేస్తుంటే నేను తీసుకున్నా. తెలియనివాళ్ల కోసం, ఈ కారుకి స్టీల్ స్ప్రింగులు ఉండవు, ఇంజన్ బెల్ట్ మీద తిరిగే ఒక పంప్ ఆయిల్‌ని ప్రెషర్ చేసి పంపిస్తే నాలుగు చక్రాల దగ్గరున్న గ్యాస్ గోళాల మీద బండి తేలుతుంది. స్టార్ట్ చేయగానే మొదట వెనక భాగం లేస్తుంది, తర్వాత ముందు భాగం, అచ్చం ఒంటె లేచినట్టు. మా పిల్లలకి అదే సినిమా.

ఇప్పుడు సమస్య. పొద్దున స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డులో స్టాప్ అనే హెచ్చరిక లైట్ ఆరడానికి చాలాసేపు పడుతోంది, బండి నీరసంగా లేస్తోంది, పార్కింగ్‌లో ఐడిల్ మీద స్టీరింగ్ తిప్పితే రాయిలా ఉంటోంది, కొంచెం రేస్ చేస్తే మళ్లీ మామూలే. పంప్ ఉన్న వైపు నుంచి గుర్రుమని ఒక సౌండ్, చలిగా ఉన్న రోజు ఇంకా ఎక్కువ. బండి ఆపి కాసేపాగాక చూస్తే కింద పచ్చ ఆయిల్ మరక. ఇంకోటి, ఇంజన్ నడుస్తుంటే బానెట్ కింద టిక్ టిక్ మని వస్తుంది, అది ముందునుంచీ ఉందో కొత్తగా వచ్చిందో చెప్పలేను.

దగ్గర్లో ఉన్న ఒక గ్యారేజ్‌కి తీసుకెళ్తే బానెట్ ఎత్తి ఒక్కసారి చూసి "పంప్ పోయింది, కొత్తది దొరకదు, దొరికినా ఆ డబ్బుకి బండి రాదు, స్క్రాప్‌కి ఇచ్చేయ్" అన్నాడు. ఇంట్లో కూడా అదే మాట. నాకు మాత్రం మనసొప్పట్లేదు. బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్ చేంజ్, ఆల్టర్నేటర్ మార్చడం వరకు నేనే చేసుకుంటా, టూల్స్ ఉన్నాయి, ఇంటి ముందు సిమెంట్ నేల ఉంది.

పంప్ ఇంట్లో విప్పి సీల్స్ మార్చొచ్చా? ఇంకో చిన్న డౌట్, ఆయిల్ తగ్గింది, దగ్గర్లో ఆ పచ్చ ఆయిల్ ఎక్కడా లేదు, ఇదే ఆయిల్ బ్రేకులకి కూడా వెళ్తుందంట కదా, మరి డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ పోస్తే ఆర్డర్ పెట్టింది వచ్చేదాకా నడవదా?

పాతబండి_ప్రసాద్

కిట్టు గారూ, ముందు ఆ డాట్ 4 డబ్బా మూత పెట్టేసి షెల్ఫ్‌లో పెట్టేయండి. చుక్క కూడా వద్దు. మీ బండిలో పచ్చగా ఉండేది ఎల్‌హెచ్ఎమ్, మినరల్ ఆయిల్. మామూలు బ్రేక్ ఫ్లూయిడ్ గ్లైకాల్ జాతి. మినరల్ ఆయిల్‌కి తగ్గట్టు మీ సిస్టమ్‌లో సీల్స్ అన్నీ నైట్రైల్ రబ్బరు, వాటికి గ్లైకాల్ పడదు, ఉబ్బిపోయి మెత్తబడతాయి. అప్పుడు పంప్ ఒక్కటే కాదు, హైట్ కరెక్టర్లు, బ్రేక్ వాల్వ్, సస్పెన్షన్ సిలిండర్లు, అన్నీ వరసగా కారడం మొదలెడతాయి, ఆ గ్యారేజ్ ఆయన చెప్పిన స్క్రాప్ మాట నిజమైపోతుంది. 1955లో పారిస్ షోలో సిట్రోయెన్ వాళ్ల డీఎస్ కారు వచ్చినప్పుడు దాంట్లో ఎర్ర ఫ్లూయిడ్ ఉండేది, అది తేమ పీల్చి లోపల తుప్పు పట్టించేది, ఆ బాధ పడలేకే 1966లో పచ్చదానికి మారారు. పచ్చ సిస్టమ్‌లో పచ్చదే పోయాలి. ఆన్‌లైన్‌లో పెడితే రెండ్రోజుల్లో వస్తుంది, అంతవరకు బండి కదపొద్దు, ఎందుకంటే మీరన్నట్టు బ్రేకులు కూడా ఆ ప్రెషర్ మీదే ఆధారం. స్టాప్ లైట్ ఆరకుండా రోడ్డెక్కితే బ్రేకులకి గ్యారంటీ లేదు.

ఇక పంప్ సంగతి. నేను ఐండ్‌హోవెన్‌లో ఉంటా, ఈ హాలండ్‌లో సిట్రోయెన్ పిచ్చోళ్లు ఎక్కువ, వాళ్ల మధ్య తిరిగి తిరిగి నాకూ అంటుకుంది. నా చేతిలో ఒక బీఎక్స్, ఒక జాంటియా నడుస్తున్నాయి. మీరు రాసినదాంట్లో అసలు పాయింట్ ఏంటంటే స్టీరింగూ సస్పెన్షనూ రెండూ కలిసి నీరసపడ్డాయి. మీ పంప్ మీద నుంచి బయటికెళ్లే సన్న ఇనప పైపులు రెండు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది 6+2 పంప్. లోపల ఎనిమిది చిన్న పిస్టన్లు, ఆరు స్టీరింగ్‌కి, రెండు సస్పెన్షన్‌కీ బ్రేకులకీ. బయటికెళ్లే దారులు వేరు వేరు, లోపలికి ఆయిల్ వచ్చే దారి మాత్రం ఒక్కటే. పిస్టన్లు అరిగితే రెండు వైపులా ఒకే వారం, ఒకే తీరుగా అరగవు కదా. రెండూ కలిసి దెబ్బతిన్నాయంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది చూడాలి, అంటే బెల్ట్, ట్యాంకులో ఫిల్టర్లు, ట్యాంకు నుంచి పంప్‌కి వచ్చే లావు రబ్బరు హోస్.

నా డబ్బులు నేను పెట్టాల్సి వస్తే ఆ హోస్ మీదే పెడతా. ఎందుకో చెప్తా. ఇంజన్ నడుస్తున్నంతసేపూ పంప్ ఆ హోస్‌లోంచి ఆయిల్ పీలుస్తుంటుంది. హోస్‌కి సన్న చీలిక ఉన్నా, క్లిప్ వదులైనా, ఆయిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. గాలి కలిసిన ఆయిల్ పంప్‌లోకి వెళ్తే ఆ గుర్రుమనే సౌండ్ అదే, చలిలో ఆయిల్ చిక్కబడితే పీల్పు ఇంకా ఎక్కువ, సౌండ్ కూడా ఎక్కువ. ఇంజన్ ఆపేశాక పీల్పు ఉండదు, ట్యాంక్ పైనుంది, ఆయిల్ బరువుకి అదే చీలికలోంచి బయటికి కారుతుంది. మీకు మరక బండి ఆపాకే కనపడుతోంది అన్నారు, సరిపోయిందా? కారిన ఆయిల్ పంప్ మీదుగా దిగుతుంది కాబట్టి బానెట్ ఎత్తి చూసినవాడికి పంప్ తడిగా కనపడుతుంది, "పంప్ పోయింది" అనేస్తాడు.

చేయాల్సిన పరీక్ష ఇది. బండి ఎత్తు మార్చే లివర్ పైదాకా పెట్టి, బండి పూర్తిగా లేచాక, ఇంజన్ నడుస్తుండగా ట్యాంక్ మీదున్న చిన్న గాజు కిటికీలో పసుపు తేలుడు ముక్క రెండు ఎర్ర గీతల మధ్య ఉందో లేదో చూడండి. తక్కువుంటే ఎల్‌హెచ్ఎమ్ వచ్చాక నింపి మళ్లీ పరీక్ష చేయండి, చాలాసార్లు కథ అక్కడే అయిపోతుంది. నిండుగా ఉండి కూడా అదే తీరుంటే ట్యాంక్ మూత తీసి టార్చ్ వేసి చూడండి. ఆయిల్ మీద నురగ కట్టి ఉంటే గాలి పీలుస్తోంది, అంతే.

టిక్ టిక్ గురించి. అది ప్రెషర్ రెగ్యులేటర్ సౌండ్. ప్రెషర్ 145 బార్ దగ్గరికి పడితే పంప్ నింపడం మొదలెడుతుంది, 170 బార్ దగ్గర ఆపేస్తుంది, ఆ మారినప్పుడు టిక్ అంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు, ఎవరూ స్టీరింగ్ గానీ బ్రేక్ గానీ ముట్టనప్పుడు, టిక్కుకీ టిక్కుకీ మధ్య అర నిమిషం పైన గ్యాప్ ఉంటే దిగులక్కర్లేదు. రెండు మూడు సెకండ్లకోసారి కొడుతుంటే రెగ్యులేటర్ మీదున్న, ప్రెషర్ నిల్వ ఉంచే అక్యుములేటర్ గోళంలో నైట్రోజన్ అయిపోయింది, లేదా ఎక్కడో లోపల ప్రెషర్ జారిపోతోంది. గోళం మార్చడం చిన్న పని. అది పాడైతే పంప్‌కి విశ్రాంతి ఉండదు, పంప్ ఆయుష్షు తినేసేది అదే.

పంప్ విప్పడం చివరి మాట. ముందు ఇవి చూసి చెప్పండి.

బోరబండ_భాయ్

అన్నా నాది హైదరాబాద్ల సీ5 ఎయిర్‌క్రాస్ ఉన్నది, 2021 బండి. దాంట్ల కూడా హైడ్రాలిక్ కుషన్ సస్పెన్షన్ అని షోరూమ్ల చెప్పిన్రు. మరి నాకు కూడా గీ పంపు, పచ్చ ఆయిలు పంచాయితీ ఉంటదా? ఇప్పటిదాకా సర్వీసుల ఎవడూ చెప్పలే.

పాతబండి_ప్రసాద్

లేదు భాయ్, మీకా బాధ లేదు. మీ దాంట్లో మామూలు స్టీల్ స్ప్రింగులే ఉన్నాయి, షాక్ అబ్జార్బర్ లోపల పైన ఒకటి కింద ఒకటి అదనంగా హైడ్రాలిక్ స్టాపర్లు పెట్టారు, గుంతలో పడ్డప్పుడు చివర్లో కొట్టే దెబ్బని అవి మింగుతాయి. పంప్ లేదు, గోళాలు లేవు, ట్యాంక్ లేదు. పేరు పాత ఇంటిపేరే, లోపల సంసారం వేరు. హాయిగా తోలుకోండి.

నీలిమ_బర్మింగ్‌హామ్

కార్ల గురించి నాకేం తెలియదు, మా ఆయన ఈ పోస్ట్ చూపించి నవ్వుతుంటే చదివా. నేను ఇక్కడ ఎమర్జెన్సీలో నర్సుని. 170 బార్ అని చదివాక ఆగలేక రాస్తున్నా. దయచేసి ఎక్కడ లీక్ అవుతోందా అని ఇంజన్ నడుస్తుండగా పైపుల మీద చెయ్యి పెట్టి తడిమి చూడకండి, గ్లవ్స్ ఉన్నా సరే. సూది బెజ్జమంత చీలికలోంచి వచ్చే ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. విచిత్రం ఏంటంటే మొదట్లో నొప్పి పెద్దగా ఉండదు, చిన్న చుక్కలా కనపడుతుంది, ప్లాస్టర్ వేసుకుని పడుకుంటారు. లోపల ఆయిల్ వేలి నరాల పక్కనుంచి, కండరాల మధ్యనుంచి పాకి వాపు తెస్తుంది, రక్తం ఆడదు, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. అలాంటిది జరిగితే చిన్నదే కదా అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి రండి, వచ్చాక "హై ప్రెషర్ ఆయిల్ గుచ్చుకుంది" అని ఆ మాటే చెప్పండి, "చెయ్యి గీరుకుంది" అంటే వెయిటింగ్‌లో కూర్చోబెడతారు. ఆయిల్ డబ్బా ఫోటో కూడా తెచ్చుకోండి.

పాతబండి_ప్రసాద్

నీలిమ గారికి వంద దండాలు. లీక్ వెతకాలంటే అట్టముక్క పెట్టి చూడాలి, తడి మరక అట్ట మీద పడుతుంది. ఆయిల్ పీల్చే సక్షన్ హోస్ వైపు ప్రెషర్ ఉండదు, అక్కడ భయం లేదు, ఇనప పైపుల వైపే ఈ ప్రమాదం.

లిఫ్ట్_రాజు_తెనాలి

బాబూ మా ఊళ్లో ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు ఉంది నాకు, ఈ కారు జన్మలో చూడలేదు, కానీ మీ లక్షణాలు చదువుతుంటే మా షెడ్డుకొచ్చే బళ్లు గుర్తొచ్చాయి. "లిఫ్ట్ లేవట్లేదు, పంపు పోయింది" అంటా వస్తారు, పది మందిలో ఎంతమందికి నిజంగా పంపు పోద్ది అనుకున్నారు, చాలా తక్కువ. చల్లగా ఉన్నప్పుడు గోల పెట్టి వేడెక్కాక సర్దుకుంటే సక్షన్ వైపు చూడమని మా గురువు చెప్పేవాడు. జాలీ ఫిల్టర్‌లో బురద, లేదంటే సక్షన్ పైపు ఓ-రింగ్ దగ్గర గాలి. మాస్సీ ఫెర్గూసన్‌లో అయితే పంపే ఆయిల్లో మునిగి ఉంటది కాబట్టి ఈ పైపు గొడవ తక్కువ, బయట గేర్ పంపు ఉండే బళ్లలోనే ఎక్కువ. ఆయిల్ రంగు చూడు నాన్నా, పాల రంగులోకి తిరిగితే నీళ్లో గాలో కలిసినట్టు. గ్లాసులో పోసి అలా వదిలెయ్, గాలి అయితే కాసేపటికి తేరుకుంటది, నీళ్లయితే అలాగే ఉంటది.

హోస్ అనుమానం ఉంటే ఇంకో చిట్కా, ఇంజన్ నడుస్తుంటే జాయింట్ల మీద అదే ఆయిల్ బ్రష్‌తో పుయ్యి. పూసిన చోట సౌండ్ మారిందా, గాలి అక్కడ్నుంచే.

కిట్టు_కోవెంట్రీ

రాజు బాబాయ్, ప్రసాద్ గారు, నీలిమ గారు, ఏం చెప్పాలో తెలియట్లేదు. ఎల్‌హెచ్ఎమ్ వచ్చింది, శనివారం పొద్దున్నే మొదలెట్టా.

పంప్ మీద పైపులు రెండే, అంటే 6+2. ఆయిల్ తక్కువగానే ఉంది, గీతలదాకా నింపినా సౌండ్ పోలేదు, టార్చ్ వేస్తే పైన తెల్లటి నురగ. గ్లాసులో తీసి పెడితే టీ తాగి వచ్చేలోపు తేరుకుంది, కాబట్టి గాలే. బాబాయ్ చెప్పినట్టు హోస్ పంప్‌లోకి దూరే చోట బ్రష్‌తో పూశా, గుర్రుమనడం ఆగింది! రెండు క్షణాలు ఆగి మళ్లీ మొదలైంది. మళ్లీ పూస్తే మళ్లీ ఆగింది. మా చిన్నోడు పక్కన నిలబడి "డాడీ మళ్లీ పుయ్యి" అని ఒకటే గోల.

తర్వాత ఇంజన్ ఆపి క్లిప్ విప్పా. హోస్ పైకి బానే ఉంది, క్లిప్ కింద దాగిన భాగం మాత్రం గట్టిపడిపోయి నిగనిగలాడుతోంది, బొటనవేలితో కొంచెం వంచగానే చుట్టూ సన్న పగుళ్లు నోళ్లు తెరిచాయి. పాత క్లిప్‌ని ఎవరో ఎప్పుడో బిగించి బిగించి రబ్బరులోకి దించేశారు. ట్యాంకులో ఫిల్టర్లు రెండూ తీశా, జాలీ మీద నల్లటి బంక, పెట్రోల్‌లో కడిగి గాలి కొట్టి ఆరబెట్టా.

రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, కారు షాపులో హీటర్ హోస్ మీటర్ లెక్కన అమ్ముతున్నాడు, సైజు సరిపోతుంది, వేసేయనా? రెండోది, హోస్ తీసి అంతా తుడిచాక చూస్తే పంప్ పుల్లీ వెనకాల ఇంకా తడి ఊరుతోంది. చాలా సన్నగా, కానీ ఊరుతోంది. అంటే పంప్ సీల్ కూడా పోయినట్టేనా? టిక్ టిక్ మాత్రం దాదాపు నిమిషానికోసారి కొడుతోంది, దాన్ని వదిలేశా.

పాతబండి_ప్రసాద్

హీటర్ హోస్ వద్దు. నీళ్ల కోసం చేసిన హోస్ సాధారణంగా ఈపీడీఎమ్ రబ్బరు, దానికి మినరల్ ఆయిల్ పడదు, కొన్ని నెలల్లో ఉబ్బి లోపలికి ముడుచుకుంటుంది, మళ్లీ పంప్ ఆకలికి అరుస్తుంది. డాట్ 4 వద్దన్న లెక్కే ఇది, తిరగేసి చూడండి: గ్లైకాల్‌కి ఈపీడీఎమ్ స్నేహితుడు, మినరల్ ఆయిల్‌కి నైట్రైల్ స్నేహితుడు, జోడీ మారిస్తే రెండూ చెడతాయి. నైట్రైల్ లోపలి పొరతో ఆయిల్‌కి పనికొచ్చే హోస్ అడగండి, పీల్పుకి ముడుచుకోనిది, పాతదానికన్నా లోపలి రంధ్రం సన్నగా ఉండకూడదు. బండికి సరిపోయే వంపుతో చేసిన అసలు హోస్ ఏదైనా పాత పార్టుల వాళ్ల దగ్గర దొరికితే అదే మంచిది. క్లిప్ మాత్రం చుట్టూ సమానంగా పట్టేది వేయండి, గరగరలాడే పళ్లున్న చవక క్లిప్ రబ్బరుని కోసేస్తుంది.

ఇప్పుడు పుల్లీ వెనక తడి. అది షాఫ్ట్ సీల్, పుల్లీ తిరిగే ఇరుసు చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం. పంప్ గుండెకి దానికి సంబంధం లేదు, పిస్టన్లు బాగున్నా ఈ సీల్ కారొచ్చు. మార్చొచ్చా అంటే మార్చొచ్చు, ఇంట్లోనే. కానీ ఒక్క పరీక్ష చేశాకే. బెల్ట్ తీసేసి పుల్లీని రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. ఏమాత్రం ఆట (వదులు కదలిక) ఉన్నా బేరింగ్ పోయినట్టు, అప్పుడు ఎంత మంచి సీల్ వేసినా మళ్లీ తినేస్తుంది, అలాంటప్పుడు రీకండిషన్డ్ పంప్ తెచ్చుకోవడమే నయం. ఆట లేకపోతే ముందుకెళ్లండి.

పని మొదలెట్టే ముందు ప్రెషర్ దించాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ప్రెషర్ దించితే ఈ బండి నేలకి కూర్చుంటుంది, కింద మనిషి ఉన్నాడా చెయ్యి ఉందా అని చూడదు. కాబట్టి బండిని ముందుగా జాకీ పాయింట్ల దగ్గర స్టాండ్ల మీద నిలబెట్టండి, ఉత్త సస్పెన్షన్‌నీ జాకీనీ నమ్మి కిందకి దూరొద్దు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి పెట్టొద్దు. తర్వాత లివర్ కిందకి పెట్టి, ఇంజన్ ఆపి, రెగ్యులేటర్ మీదున్న 12 మిల్లీమీటర్ల బ్లీడ్ స్క్రూ ఒక చుట్టు వదులు చేయండి, బుస్సుమని ఆయిల్ ట్యాంకులోకి వెళ్లిన సౌండ్ వస్తుంది. స్క్రూ పూర్తిగా బయటికి తీయొద్దు, దాని కింద చిన్న గుండు ఉంటుంది, అది దొర్లిపోతే రోజంతా గేర్‌బాక్స్ మీద టార్చ్ వేసుకుని వెతుక్కోవాలి.

పంప్ బయటికి తీసేటప్పుడు ఇనప పైపుల నట్లని మామూలు స్పానర్‌తో తిప్పకండి, ఫ్లేర్ స్పానర్ వాడండి, అంచులు గుండ్రం అయిపోతే ఆ బాధ చెప్పనలవి కాదు. విప్పిన ప్రతి కన్నానికీ వెంటనే శుభ్రమైన ప్లగ్గో పాలిథీన్ తొడుగో పెట్టేయండి. ఈ సిస్టమ్‌కి ఇసక రేణువంత దుమ్ము చాలు. నూలు పోగులొచ్చే గుడ్డ వాడొద్దు.

సీల్ మార్చడం అసలు నైపుణ్యం ఉన్న చోటు. పుల్లీని మూడు కాళ్ల పుల్లర్‌తోనే లాగండి, సుత్తితో కొడితే షాఫ్ట్ చివర వంకర పోతుంది. పాత సీల్‌ని హుక్కుతో అంచునుంచి పైకి తీయండి, హుక్కు షాఫ్ట్‌కి తగలకూడదు, సన్న గీత పడినా కొత్త సీల్ దాని మీదుగానే కారుతుంది. తీశాక షాఫ్ట్ మీద పాత సీల్ పెదవి తిరిగిన చోట గోటితో తడమండి, గోరు పట్టుకునేంత గాడి ఉంటే కొత్త సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టండి, కొత్త పెదవి మచ్చలేని చోట పడాలి. షాఫ్ట్ మీద పుల్లీ జారకుండా పట్టే కీ కూర్చునే గాడి అంచులు కత్తిలా ఉంటాయి, దాని మీద సన్న టేప్ చుట్టి ఎల్‌హెచ్ఎమ్ రాసి అప్పుడు సీల్ జార్చండి. పెదవి స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి. సీల్ బయటి వలయానికి సరిపోయే సాకెట్ పెట్టి చుట్టూ సమానంగా మెల్లగా దించండి, వంకరగా దిగుతుంటే బలవంతం చేయకుండా తీసి మళ్లీ పెట్టండి.

పంప్ వెనక మూత విప్పి పిస్టన్లు మాత్రం చూడాలనిపించినా చూడకండి. ప్రతి పిస్టన్ దాని రంధ్రానికే జతపడి ఉంటుంది, ఒకదాని బదులు ఒకటి పడితే బాగున్న పంప్ చచ్చిపోతుంది. హోస్ మార్చాక మీ స్టీరింగ్, సస్పెన్షన్ బాగుంటే పిస్టన్లు భేషుగ్గా ఉన్నట్టే.

తిరిగి పెట్టేటప్పుడు ఇనప పైపుల చివర ఉండే చిన్న రబ్బరు తొడుగులు కొత్తవి వేయండి, ఎల్‌హెచ్ఎమ్‌లో ముంచి వేయండి, పైపు కొన తొడుగు దాటి బయటికి కొంచెం రావాలి. నట్‌ని చేత్తో తిరిగినంత తిప్పి, అప్పుడు స్పానర్. బిగువు ఎక్కువైతే లీక్ ఆగదు, తొడుగు నలిగి ఇంకా ఎక్కువ కారుతుంది. ఇది మన వాళ్లకి అలవాటు కావడం కష్టం, ఎక్కడ కారితే అక్కడ ఇంకో పావు చుట్టు బిగించడమే మనకి తెలుసు.

డబ్లిన్_దిలీప్

మధ్యలో దూరుతున్నందుకు సారీ అన్నా. నాది 2010 సీ5, దీనిది కూడా ఇదే రకం సస్పెన్షన్ కదా, దీనికీ ఇదే పచ్చ ఆయిల్, ఇదే పంపా?

పాతబండి_ప్రసాద్

కాదు తమ్ముడూ. 2001 నుంచి సీ5లో ఆయిల్ నారింజ రంగు ఎల్‌డీఎస్, పచ్చదానితో కలపొద్దు. పంప్ ఇంజన్ బెల్ట్ మీద కాదు, ఎలక్ట్రిక్ మోటార్ మీద తిరుగుతుంది, వాల్వులు, కంప్యూటర్ కూడా దానితోనే కలిపి ఉంటాయి. బ్రేకులు మామూలు బ్రేకులే. ఫాల్ట్ వస్తే ముందు స్కానర్ పెట్టి కోడ్ చదవాలి, స్పానర్ తర్వాత. వేరే పోస్ట్ పెట్టు, ఇక్కడ కిట్టు గారి బండి స్టాండ్ల మీద ఉంది.

లిఫ్ట్_రాజు_తెనాలి

ప్రసాదు గారూ బిగింపు గురించి భలే చెప్పారు. మా షెడ్డులో కుర్రాళ్లకి ఇదే చెప్పలేక చస్తన్నా.

కిట్టూ, హోస్ పెట్టాక ఉత్త పంపు తిప్పమాకు నాన్నా. హోస్‌ని పైకి ఎత్తి పట్టుకుని ఆయిల్‌తో నింపి అప్పుడు తగిలించు. ఎండి తిరిగితే పంపు అరిగిపోద్ది.

కిట్టు_కోవెంట్రీ

పుల్లీ ఊపి చూశా, ఆట లేదు, గట్టిగా ఉంది. వంకరతో సహా అసలు హోస్ ఒక పాత పార్టుల ఆయన దగ్గర దొరికింది, సీల్ కిట్ కూడా ఆయనే పంపుతానన్నాడు. సీల్ వచ్చేదాకా హోస్ ఒక్కటే వేసి చూశా, బాబాయ్ చెప్పినట్టు నింపే తగిలించా. సౌండ్ లేదు. స్టాప్ లైట్ తొందరగా ఆరింది. కానీ బండి లేచేటప్పుడు మెట్లు మెట్లుగా లేస్తోంది, స్టీరింగ్ ఒకసారి తేలిక, ఒకసారి బరువు. ఇంకా ఏమైనా మిగిలిందా?

పాతబండి_ప్రసాద్

గాలి ఇంకా లోపల తిరుగుతోంది, కంగారు పడకండి. బ్లీడ్ స్క్రూ ఒక చుట్టు వదులు చేసి ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్ మీద వదిలేయండి, ప్రెషర్ లేకుండా ఆయిల్ తిరిగి ట్యాంకులోకి వస్తుంటుంది, ట్యాంకులో గుడగుడ తగ్గి ఒకే ధార సౌండ్ వచ్చాక స్క్రూ బిగించండి. ఈ పని బండి స్టాండ్ల మీద ఉండగానే. తర్వాత కిందకి దించి, చుట్టుపక్కల పిల్లల్ని లోపలికి పంపించి, లివర్‌ని పూర్తిగా కిందకీ పూర్తిగా పైకీ నాలుగైదు సార్లు ఆడించండి, ప్రతిసారీ బండి పూర్తిగా ఆగాకే మళ్లీ కదపాలి. ఇంగ్లీషోళ్లు దీన్ని సరదాగా సిట్రోబిక్స్ అంటారు. స్టీరింగ్ కూడా ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పండి, చివర్లో పట్టుకుని ఉంచొద్దు. అయ్యాక లివర్ పైన పెట్టి పసుపు ముక్క గీతల మధ్యకి వచ్చేదాకా ఆయిల్ నింపండి, మామూలు ఎత్తులో చూసి నింపితే లెక్క తప్పుతుంది.

సీల్ వచ్చినప్పుడు ఎలాగూ చాలా ఆయిల్ పోతుంది కాబట్టి అప్పుడే ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి కొత్తది పోసేయండి, ఫిల్టర్లు మళ్లీ ఒకసారి కడగండి. పాతదాన్ని 60 వేల కిలోమీటర్లకోసారి మార్చమని కంపెనీ మాట, మీ పెద్దాయన ఎప్పుడు మార్చాడో దేవుడికే తెలియాలి.

కిట్టు_కోవెంట్రీ

చేశా అన్నా. ఇప్పుడు ఒకే ఊపులో లేస్తోంది, స్టీరింగ్ ఒక్క వేలితో తిరుగుతోంది. సీల్ పోస్టులో ఉంది, వచ్చే వారాంతం పంప్ దించుతా, ఫోటోలు పెడతా. తీసిన పాత ఆయిల్ ఇంజన్ ఆయిల్‌తో కలిపి కౌన్సిల్ వాళ్ల రీసైక్లింగ్ సెంటర్లో ఇచ్చేయొచ్చా, విడిగా ఇవ్వాలా?

పాతబండి_ప్రసాద్

మినరల్ ఆయిలే కాబట్టి మామూలుగా వాడేసిన ఆయిల్ ట్యాంకులోనే పోయనిస్తారు, అయినా గేటు దగ్గర అడిగి పోయండి. ఫిల్టర్లు కడిగిన పెట్రోల్ మాత్రం అందులో కలపొద్దు, అది వేరే డబ్బాలో మూత బిగించి తీసుకెళ్లి వాళ్లకే చెప్పి ఇవ్వండి.